ప్రశ్న–జవాబు: పాత పోలో జీటీకి ఏ సైజు, ఏ టైరు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా టైర్ల గురించే. వానలు దగ్గరపడుతుంటే ఎప్పుడూ ఇంతే. విజయవాడ ఆటోనగర్‌లో నా అలైన్‌మెంట్ షెడ్డు దగ్గర కూడా మే నెలాఖరు నుంచి ఇదే గోల. అందుకని ఏసీలు, బ్యాటరీల ప్రశ్నలు వచ్చే నెలకు పెట్టి, ఈసారి పాత స్పీడు బళ్ల టైర్లకే జవాబులు రాస్తున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైపోయింది. ఒక్క ఉత్తరంలో నాలుగు ప్రశ్నలు అడిగితే నేనేం చేసేది!

ప్రశ్న: అయ్యా, నాది 2014 పోలో జీటీ టీఎస్ఐ. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కంపెనీ సైజు 185/60 ఆర్15, టైర్లు బాగా అరిగాయి. ప్రతి నెలా పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా హైదరాబాద్ వెళ్లొస్తుంటాను. ఫ్రెండ్స్ 17 అంగుళాల అలాయ్‌లు పెట్టి 205/45 వేయమంటున్నారు. షాపాయన దగ్గర 16 అంగుళాల సెట్టు 195/55 టైర్లతో ఉందట. ఇంకొకరు ఉన్న రిమ్ములకే 195/60 వేస్తే చాలంటున్నారు. ఏది మేలు? ఏ కంపెనీ తీసుకోవాలి? మొత్తం మీద యాభై వేల దాకా పెట్టగలను.
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: రిమ్ములు మార్చకండి. ఉన్న 15 అంగుళాల అలాయ్‌ల మీదే 195/60 ఆర్15 వేయించి, మీ డబ్బంతా మంచి రబ్బరు మీద పెట్టండి. ఎందుకో తెలుసుకోవాలనుకుంటే మిగతాది చదవండి. తొందరగా ఉంటే ఇక్కడితో ఆపి షాపుకు వెళ్లినా నష్టం లేదు.

ముందు లెక్క చూద్దాం. టైరు మీద రాసిన మొదటి అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. మీ 185/60కి సైడ్‌వాల్ 111 మి.మీ. దాన్ని రెండింతలు చేసి 15 అంగుళాల రిమ్ము, అంటే 381 మి.మీ. కలిపితే చక్రం మొత్తం ఎత్తు 603. ఇదే లెక్కన 195/60 ఆర్15 ఎత్తు 615, అంటే రెండు శాతం ఎక్కువ. 195/55 ఆర్16 దాదాపు 621, మూడు శాతం ఎక్కువ. 205/45 ఆర్17 ఎత్తు 616. చూశారా, మూడింట్లో ఎత్తైనది మీ ఫ్రెండ్స్ చెప్పిన 17 కాదు, 16. రిమ్ము పెరిగినంత మాత్రాన చక్రం పెరగదు. రిమ్ము మింగేసేది సైడ్‌వాల్‌నే.

అసలు విషయం ఆ సైడ్‌వాల్ దగ్గరే ఉంది. 195/60కి 117 మి.మీ. ఉంటే, 205/45కి 92 మాత్రమే. గుంతలో పడ్డప్పుడు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ఉండేది ఆ రబ్బరు గోడ ఒక్కటే. మీరు తిరిగే దారి నాకు తెలుసు. పిడుగురాళ్ల, దాచేపల్లి దగ్గర సున్నం, సిమెంటు లారీలు రాత్రీ పగలూ నడుస్తాయి. అక్కడ రోడ్డు అంచు ఏ వారం ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. ఎదుటి లారీ లైట్లకు కళ్లు చెదిరిన సమయంలో ఎడమ చక్రం గుంతలో దిగిందంటే, 92 మి.మీ. సైడ్‌వాల్ రిమ్ముకీ గుంత అంచుకీ మధ్య నలిగి లోపలి దారాలు తెగుతాయి. మర్నాటికి టైరు పక్కన గుడ్డంత ఉబ్బు వస్తుంది. ఉబ్బు వచ్చిన టైరుకు రిపేరు లేదు, పారేయడమే. షెడ్డుకు వచ్చే ఉబ్బు టైర్లలో ఎక్కువ భాగం ఇలా పెద్ద రిమ్ములకు తొడిగిన పల్చటి టైర్లే. బండి అందంగా కనపడాలని వేసిన రిమ్ము చివరికి వంకర తిరిగి స్టీరింగ్ వణికిస్తుంది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు.

16 సైజును మాత్రం తీసిపారేయను. పోలో జీటీకి తర్వాతి ఏళ్లలో కంపెనీయే 195/55 ఆర్16 ఇచ్చింది. అది ఒరిజినల్ ఫోక్స్‌వాగన్ రిమ్ముల సెట్టయి, వంకరలూ వెల్డింగులూ లేకుండా ఉంటే చెడ్డ ఎంపిక కాదు. అయితే షాపాయన దగ్గరున్నది ఒరిజినలేనా? ఒరిజినల్ డిజైను చూసి పోతపోసిన నకళ్లు మార్కెట్లో చాలా ఉన్నాయి. పోలో హబ్బుకు (రిమ్ము కూర్చునే భాగానికి) అయిదు బోల్టులు, 100 మి.మీ. పీసీడీ (బోల్టులు ఉండే వృత్తం అడ్డుకొలత), మధ్య రంధ్రం 57.1 మి.మీ. బయటి రిమ్ముల్లో చాలావాటికి మధ్య రంధ్రం ఇంతకన్నా పెద్దది ఉంటుంది. అలాంటి రిమ్ము వేస్తే మధ్యలో కొలత సరిపోయే రింగు పెట్టాలి. పెట్టకపోతే ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా హైవే వేగం దగ్గర వణుకు పోదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఫోక్స్‌వాగన్ ఒరిజినల్ బోల్టు తల కింది భాగం గుండ్రంగా, బంతిలా ఉంటుంది. బయటి అలాయ్‌ల గుంటలు ఎక్కువగా శంఖువు ఆకారంలో ఉంటాయి. పాత బోల్టులతో కొత్త రిమ్ము బిగిస్తే చూడటానికి బిగిసినట్టే ఉంటుంది. నిజానికి సన్నటి అంచు మీద మాత్రమే కూర్చుంటుంది, నాలుగు రోజులకే వదులవుతుంది. రిమ్ములు అమ్మేవాళ్లలో ఈ మాట చెప్పేవాళ్లు తక్కువ. ఏ కారణం చేతనైనా రిమ్ములు మారిస్తే దానికి తగ్గ బోల్టులు కూడా అడిగి తీసుకోండి.

ఇక వెడల్పు. వెడల్పు టైరు వేస్తే రోడ్డుకు ఎక్కువ రబ్బరు అంటుకుంటుందని చాలామంది అనుకుంటారు. టైరు రోడ్డును తాకే వైశాల్యం ముఖ్యంగా బండి బరువు మీద, లోపలి గాలి మీద ఆధారపడుతుంది. వెడల్పు పెంచితే ప్రధానంగా మారేది ఆ ముద్ర ఆకారం: పొడవు తగ్గి అడ్డంగా పెరుగుతుంది. మలుపుల్లో దానివల్ల కొంత లాభం ఉంది. నిలిచిన నీళ్ల మీద వెళ్లేటప్పుడు మాత్రం నష్టం, వెడల్పు టైరు తొందరగా తేలుతుంది. పది మి.మీ. పెంచితే రెండింటికీ మధ్యస్థంగా ఉంటుంది. మీ ఇంజిన్ 1,500 ఆర్‌పీఎం దగ్గరే 175 ఎన్ఎం టార్క్ (తిప్పే బలం) ముందు చక్రాల మీదికి తోస్తుంది కదా. తడి రోడ్డు మీద సిగ్నల్ దగ్గర కాలు గట్టిగా వేస్తే చక్రం గిర్రున తిరగడం మీకు అనుభవమే అయి ఉంటుంది. 195 వల్ల అది కొంత తగ్గుతుంది. మంచి రబ్బరు వల్ల ఇంకా ఎక్కువ తగ్గుతుంది.

195/60 వల్ల ఇబ్బందులు లేకపోలేదు. స్పీడోమీటర్ మునుపటికన్నా రెండు శాతం తక్కువ చూపిస్తుంది. కంపెనీలు మామూలుగా మీటర్‌ను అసలు వేగం కన్నా కాస్త ఎక్కువ చూపేలా పెడతాయి కాబట్టి పెద్ద బాధ లేదు. కిలోమీటర్లు కూడా తక్కువే నమోదవుతాయి. పది వేలు తిరిగితే 9,800 చూపిస్తుంది. అప్పుడు మైలేజీ పడిపోయిందని నాకు ఉత్తరం రాయకండి. నేల నుంచి ఎత్తు ఆరు మి.మీ. పెరుగుతుంది, స్పీడ్ బ్రేకర్ల దగ్గర అదో చిన్న లాభం. ఇంతకుమించి పెద్దది, అంటే 205/60 లాంటిది ఎవరైనా అంటగడితే వద్దనండి. అది నాలుగు శాతం ఎత్తు పెరిగి, బండి బరువుగా కదులుతుంది. పైగా ఫుల్ స్టీరింగ్ తిప్పినప్పుడు లోపల రాసుకునే ప్రమాదం ఉంది.

చట్టం సంగతి కూడా ఒక్క మాట. కంపెనీ నిర్దేశించిన దానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో స్పష్టం చేసింది. పది మి.మీ. టైరు తేడాకు రోడ్డు మీద ఎవరూ ఆపకపోవచ్చు. కానీ ఇన్సూరెన్స్ క్లెయిమ్ రోజున సర్వేయరు కన్ను ఎక్కడ పడుతుందో చెప్పలేం. ఆ టెన్షన్ అసలే వద్దనుకుంటే హాయిగా 185/60లోనే అత్యుత్తమ టైరు తీసుకోండి. మంచి 185 టైరు నాసిరకం 205 కన్నా ఎప్పుడూ ముందే ఆగుతుంది. ఈ మాట షాపుల్లో ఎవరూ అనరు, ఎందుకంటే లాభం రిమ్ముల్లో ఎక్కువ.

నాణ్యత దగ్గరికి వద్దాం. మన దగ్గర షాపాయన ముందుగా చెప్పే మాట "సార్, ఇది డెబ్భై వేలు తిరుగుతుంది" అని. మీ బండికి ఆ మాట పనికిరాదు. బాగా ఎక్కువ కాలం నడిచేలా చేసిన రబ్బరు సాధారణంగా గట్టిగా ఉంటుంది, తడి రోడ్డు మీద జారుతుంది. పెట్రోలు ఆదా చేస్తుందని అమ్మే టైర్లలోనూ కొన్నింటిది ఇదే కథ. టాక్సీ నడిపేవారికి అవి సరిపోతాయి. వారి లెక్క వేరు, అందులో తప్పు లేదు. మీరు పదేళ్లు దాటిన బండిని ఇంకా ఇష్టంగా ఉంచుకున్నది దాని పరుగు కోసం. అలాంటప్పుడు నలభై వేలకే అరిగినా సరే, పట్టు ఉన్న టైరు తీసుకోవాలి.

పట్టు ఎలా తెలుస్తుంది? సైడ్‌వాల్ మీద చిన్న అక్షరాల్లో ట్రెడ్‌వేర్ (అరుగుదల), ట్రాక్షన్ (పట్టు), టెంపరేచర్ (వేడి) అని అమెరికా పద్ధతి గ్రేడ్లు ఉంటాయి. ట్రెడ్‌వేర్ అంకె ఎవరికి వారు పరీక్షించి వేసుకునేది, కాబట్టి ఒక కంపెనీ టైరును ఇంకో కంపెనీ టైరుతో పోల్చడానికి పెద్దగా పనికిరాదు. ఒకే కంపెనీలో రెండు రకాలను పోల్చడానికి పనికొస్తుంది. ట్రాక్షన్ మాత్రం తడి నేల మీద తిన్నగా బ్రేకు వేసి చూసిన గ్రేడు: ఏఏ, ఏ, బీ, సీ. బీ ఉంటే నేను మీ బండికి వేయను. టెంపరేచర్ గ్రేడు ఏ ఉండాలి. మన ఎండల్లో, నలుగురు మనుషులతో హైవే మీద గంటల తరబడి నడిచే టైరుకు వేడి తట్టుకోవడం ముఖ్యం. సైజు పక్కన ఉండే అంకె, అక్షరం కూడా చూడండి. 195/60 ఆర్15కి సాధారణంగా 88 ఉంటుంది, అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది. హెచ్ అంటే గంటకు 210 కి.మీ. వేగం వరకు, వీ అంటే 240 వరకు. మీరు 210లో వెళ్లాలని కాదు. ఆ వేగానికి తయారుచేసిన టైరు లోపలి కట్టుదిట్టం వేరుగా ఉంటుంది, వేడిని బాగా తట్టుకుంటుంది. టీ రేటింగ్ తీసుకోవద్దు.

బ్రాండు పేరు చెప్పమన్నారు. మిషెలిన్ ప్రైమసీ, కాంటినెంటల్ అల్ట్రాకాంటాక్ట్, బ్రిడ్జ్‌స్టోన్ టురాంజా, గుడ్‌ఇయర్ అష్యూరెన్స్ ట్రిపుల్‌మ్యాక్స్, ఈ వరుసలో మీ సైజుకు తాజా తయారీ ఏది దొరికితే అది. మన దేశపు కంపెనీల్లో అపోలో ఆల్నాక్ నాకు ఇష్టం. స్థానికాభిమానం అనుకోండి: అపోలోకు మన సత్యవేడు దగ్గర చిన్నపాండూరులో ఫ్యాక్టరీ ఉంది, ఎంఆర్ఎఫ్‌కు సదాశివపేటలో ఉంది. ఫలానా బ్రాండు అన్నిటికన్నా గొప్పదని ఎవరైనా అంటే, ఆయన షెల్ఫు మీద ఏది ఎక్కువ ఉందో చూడండి, అర్థమవుతుంది. విదేశాల్లో తయారైనదే కావాలని పట్టుబట్టకండి. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతిని నియంత్రిత జాబితాలో పెట్టింది. అప్పటి నుంచి బయటి సరుకు తగ్గింది. దొరికినా ఎన్నాళ్లుగా గోదాములో ఉందో చూసుకోవాలి.

అది చూసే పద్ధతి ఇదీ. సైడ్‌వాల్ మీద డీఓటీ అనే అక్షరాల తర్వాత చివర నాలుగు అంకెలు ఉంటాయి. 0825 అంటే 2025లో ఎనిమిదో వారం. కొన్ని టైర్ల మీద ఒకవైపే ఉంటుంది, తిప్పి చూడాలి. ఆరు నెలల లోపుదైతే బేరం ఆడకుండా తీసుకోండి. ఏడాది దాటితే తగ్గింపు అడగండి. రెండేళ్లు దాటితే ఎంత తగ్గించినా వద్దు. మన వేడిలో, రేకుల షెడ్డులో పేర్చిన టైరు ఎండిపోతుంది. నాలుగింటి తేదీలూ దగ్గర దగ్గరగా ఉండాలి. బిల్లు మీద ఈ నంబర్లు రాయించుకుంటే తర్వాత వారంటీ వాదన వచ్చినప్పుడు ఉపయోగపడుతుంది.

బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. టైరు మీద పసుపు చుక్క ఉంటే అది గాలి పెట్టే వాల్వు పక్కకు రావాలి, బ్యాలెన్సింగ్‌కు తక్కువ బరువులు పడతాయి. వాల్వులు కొత్తవి వేయించండి, పది, ఇరవై రూపాయల దగ్గర పీనాసితనం పనికిరాదు. బోల్టులు గాలి గన్నుతో టకటకా బిగించి వదిలేయకుండా, చివరి బిగింపు టార్క్ రెంచితో 120 ఎన్ఎం పెట్టించండి. వంద కి.మీ. తిరిగాక మళ్లీ ఒకసారి చూపించండి. పోలోకు వెనక వైపు అలైన్‌మెంట్‌లో మామూలుగా సర్దేది ఏమీ ఉండదు, అది బీమ్ యాక్సిల్, అంటే రెండు వెనక చక్రాలనూ కలిపే ఒకే దూలం. వెనక కొలతలు తేడా వచ్చాయంటే బండి ఎక్కడో గుద్దుకుందని అర్థం. సెకండ్ హ్యాండ్ బండి కదా, ఆ రిపోర్టు కాగితం అడిగి తీసుకుని చూడండి.

గాలి కంపెనీ స్టిక్కర్ ప్రకారమే, పెట్రోలు మూత లోపల చూడండి. ఉదయాన్నే, బండి కదలకముందు చూసుకోవాలి. మైలేజీ కోసమని 38, 40 కొట్టించుకునేవాళ్లు ఉన్నారు. టైరు నడుమ మాత్రమే అరిగి, తడిలో బ్రేకు నిలవదు. మే నెల మధ్యాహ్నం హైవే మీద ఆపి చూస్తే నాలుగైదు పాయింట్లు ఎక్కువ కనిపిస్తుంది. అది వేడి వల్లే, గాలి తీయకండి. కొత్త టైర్లతో మొదటి రెండు, మూడు వందల కి.మీ. నెమ్మదిగా నడపండి. అచ్చు నుంచి ఊడి రావడానికి వాడే పూత పైన ఉంటుంది, అది అరిగేదాకా పట్టు పూర్తిగా రాదు.

యాభై వేలలో మిగిలిన డబ్బుతో ముందుగా షాక్ అబ్సార్బర్లు, కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు చూపించండి. బుష్ పోయిన బండికి ఎంత గొప్ప టైరు వేసినా ఒక అంచు తినేస్తుంది.

ప్రశ్న: మా బలెనో ఆర్ఎస్ 2017 మోడల్. ముందు టైర్లు రెండూ అరిగాయి, వెనకవి సగం ఉన్నాయి. ఇప్పుడు రెండే కొంటాను. కొత్తవి ముందు వేయాలనుకుంటే టైరు కంపెనీ షోరూమ్‌లో వెనక వేస్తామంటున్నారు. ఇంజిన్ లాగేది, స్టీరింగ్ తిప్పేది ముందు చక్రాలే కదా! వాళ్లు చెప్పేది నిజమేనా?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: నిజమే, వెనకే వేయించండి. ఈ మాట చెప్పినందుకు నా షెడ్డులోనే నాతో పోట్లాడినవాళ్లున్నారు. కారణం చెబుతాను. వర్షంలో అరిగిన టైరు నీటి మీద తేలుతుంది. ముందు టైర్లు తేలితే బండి తిప్పినా తిరగదు, ముందుకే పోతుంది. భయమేస్తుంది, కానీ స్టీరింగ్ తేలికైపోవడం చేతికి తెలుస్తుంది. యాక్సిలరేటర్ వదిలితే వేగం తగ్గి పట్టు దొరుకుతుంది. అదే వెనక టైర్లు తేలితే ముందస్తు హెచ్చరిక ఉండదు. ముందు భాగం కొత్త టైర్లతో గట్టిగా పట్టుకుని తిరుగుతుంది, తోక బయటకు విసురుతుంది, బండి గిర్రున తిరిగిపోతుంది. అప్పుడు భయపడి బ్రేకు తొక్కితే ఇంకా ఎక్కువ తిరుగుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కే ర్యాంపు వంపులో, మొదటి వానకు జరిగేది ఎక్కువగా ఇదే. మీ బండి తేలికది, ఇంజిన్ ముందు ఉంది, ఒక్కరే వెళ్తుంటే వెనక బరువు మరీ తక్కువ. మామూలు బలెనో కన్నా మీరు వేగంగా నడుపుతారని వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి సగం ఉన్నవి ముందుకు, కొత్తవి వెనక్కి. ముందుకు తెచ్చినవి కూడా తొందరగానే అరుగుతాయి, అప్పుడు వాటి బదులు మళ్లీ రెండు కొనండి. అయితే సగం అన్నది మీ కంటి అంచనాయేనా? టైరు గాడుల మధ్య చిన్న దిమ్మెలు ఉంటాయి, అవి 1.6 మి.మీ. ఎత్తు. రబ్బరు అరిగి వాటితో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. మన వానలకు మాత్రం అంతదాకా ఆగకుండా 3 మి.మీ. దగ్గరే మార్చమంటాను. కొత్త జత పాత జత కంపెనీదే, అదే రకానిదే అయితే మంచిది. 195/55 ఆర్16 చాలా బళ్లకు వచ్చే సైజు, వెతుక్కోవాల్సిన అవసరం ఉండదు.

ప్రశ్న: నమస్కారం అండీ. నేను ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఉద్యోగం చేస్తున్నాను, మాది తెనాలి. ఇక్కడ 2007 గోల్ఫ్ జీటీఐ కొన్నాను. 18 అంగుళాల రిమ్ములు, నాలుగు చక్రాలకు మూడు రకాల టైర్లు, ఒక్క పేరు కూడా నేను విన్నది కాదు. అక్టోబరులో ఎంఓటీ (ఇక్కడ ఏటా చేసే బండి తనిఖీ) ఉంది. పాత బండికి ఖరీదైన టైర్లెందుకు, వాడిన టైర్లు సగం ధరకు వస్తాయిగా అని నాన్నగారు ఫోన్‌లో అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, నాన్నగారికి నా నమస్కారాలు చెప్పి, వాడిన టైర్లు మాత్రం వద్దని చెప్పండి. అక్కడి చట్టం ప్రకారం వాడిన టైరు అమ్మేటప్పుడు కనీసం 2 మి.మీ. ట్రెడ్ (గాడి లోతు) ఉంటే చాలు. ఎంఓటీ ఆగిపోయేది 1.6 దగ్గర. అంటే మీరు కొనేది ఆ మధ్య మిగిలిన నాలుగు దశాంశాలే కావచ్చు. దాని ముందు కథ, ఎక్కడ గుద్దుకుందో, ఎన్నిసార్లు గాలి లేకుండా నడిచిందో, ఎవరికీ తెలియదు. అరిగిన టైరుతో పోలీసులకు దొరికితే ఒక్కో టైరుకు 2,500 పౌండ్ల దాకా జరిమానా, లైసెన్సు మీద మూడు పాయింట్లు. నాలుగూ అరిగి ఉంటే లెక్క మీరే వేసుకోండి.

మీ బండి 200 హార్స్‌పవర్‌ది. పాతదైనంత మాత్రాన దాని బలం తగ్గలేదు. తగ్గిందల్లా కొన్న ధరే. టైరుకు బండి ధర తెలియదు కదా. నాలుగూ ఒకే రకం వేయండి. ఈ విషయంలో మా కన్నా మీకు ఒక సౌకర్యం ఉంది. అక్కడ కొత్త టైరు మీద తడి పట్టు ఎంతో ఏ నుంచి ఈ దాకా లేబుల్ అంటించి అమ్ముతారు. గంటకు 80 కి.మీ. వేగం నుంచి ఆగడంలో ఒక్కో మెట్టుకు సుమారు మూడు నుంచి ఆరు మీటర్ల తేడా. ఏ గానీ బీ గానీ తీసుకోండి. పెట్రోలు ఆదా గ్రేడు సీ అయినా పట్టించుకోకండి.

మీ సైజు 225/40 ఆర్18 అయి ఉంటుంది. ఇదే బండికి 225/45 ఆర్17 కూడా కంపెనీ ఇచ్చిన సైజే. రెండింటి ఎత్తుల్లో తేడా మూడు మి.మీ. మాత్రమే, స్పీడోమీటర్‌కు ఏమీ కాదు. 17 టైర్లు చవక, గుంతలు బాగా తట్టుకుంటాయి. ఎవరైనా ఒరిజినల్ 17 రిమ్ములు మంచి ధరకు అమ్ముతుంటే మార్చుకోండి. లేదంటే 18తోనే ఉండండి, దాని కోసం ప్రత్యేకంగా ఖర్చు పెట్టొద్దు. 17 తీసుకుంటే లోడ్ అంకె 91కి తగ్గకూడదు.

ఇంకో సంగతి. ఏడు డిగ్రీల కిందికి వెళ్తే మామూలు రబ్బరు గట్టిపడుతుంది. మీ ఊళ్లో నవంబరు నుంచి మార్చి దాకా ఉదయాలు అలాగే ఉంటాయి. రోజూ తెల్లవారుజామునే ఆఫీసుకు వెళ్లేవారైతే కొండ మీద మంచు పలుకు గుర్తు ఉన్న ఆల్ సీజన్ టైర్లు ఆలోచించండి, ఏడాదంతా అవే ఉంచవచ్చు. వేసవిలో స్టీరింగ్ కాస్త మెత్తగా అనిపిస్తుంది. జీటీఐ కొన్నది ఆదివారాల కొండ దారుల కోసమైతే అది మీకు నచ్చకపోవచ్చు, అప్పుడు మంచి వేసవి టైర్లే వేసి చలికాలం నెమ్మదిగా నడపండి. నేనైతే ఆల్ సీజన్ వేస్తాను. నా వయసు అలాంటిది.

ప్రశ్న: 2016 అబార్త్ పుంటో. వారానికోసారి బీచ్ రోడ్డు దాకా తీస్తాను. టైర్లు బండితో వచ్చినవే, ట్రెడ్ దాదాపు పూర్తిగా ఉంది. మార్చాలా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మార్చాలి. ట్రెడ్ ఉండటం వేరు, రబ్బరు బతికి ఉండటం వేరు. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, ఎండ, ఇవన్నీ నిలబెట్టిన టైరును కూడా తింటాయి. అయిదేళ్లు దాటాక ఏటా చూపించుకోవాలని, పదేళ్లు నిండితే చూడటానికి బాగున్నా తీసేయాలని టైరు కంపెనీలే చెబుతున్నాయి. మన వేడిలో నేను ఆరేళ్లకే గీత గీస్తాను. సైడ్‌వాల్‌ను బొటనవేలితో నొక్కి వంచి చూడండి, సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. 145 హార్స్‌పవర్ బండి, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. ఎండిన రబ్బరు మీద ఆ బ్రేకుల గొప్పతనం రోడ్డును చేరదు.

సైజు మార్చకండి, 195/55 ఆర్16 మంచి సైజు, నాణ్యమైన రకాలన్నింట్లో దొరుకుతుంది. హెచ్ కాకుండా వీ అడగండి. కొత్తవి వేశాక బండి వారాల తరబడి కదలకపోతే గాలి రెండు, మూడు పాయింట్లు ఎక్కువ ఉంచి, మధ్యలో ఒకసారి ముందుకూ వెనక్కూ జరుపుతుండండి, ఒకే చోట చదును పడకుండా. గాలి బదులు నైట్రోజన్ కొట్టించమంటారా అని మీ ఉత్తరం చివర అడిగారు. మామూలు గాలిలోనే 78 శాతం అది ఉంది. ఉచితంగా ఇస్తే తీసుకోండి. షాపులో ఉన్నప్పుడే డిక్కీలోని స్టెప్నీ తేదీ కూడా చూడండి, అదీ 2016దే అయి ఉంటుంది.